/వార్/టీఎంపీలో ఒక్క ఫోల్డర్‌కి మాత్రం వేరే గడువు పెట్టడం ఎలా?

అందరికీ నమస్కారం. డెబియన్ 13 (లినక్స్) కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన మెషీన్‌లో పాత తెలుగు పత్రికల స్కాన్లను టెసెరాక్ట్ అనే ప్రోగ్రామ్‌తో ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను టెక్స్ట్‌గా మార్చడం) చేస్తున్నాం. మధ్యలో తయారయ్యే టిఫ్ (బొమ్మ) ఫైళ్లు, తాత్కాలిక ఫైళ్ల చోటైన /వార్/టీఎంపీ లోపల, /వార్/టీఎంపీ/స్కాన్ ఫోల్డర్‌లో ఉంటాయి. ప్రూఫ్ చూసే పెద్దవాళ్లకు ఒక్కోసారి రెండు నెలలు పడుతుంది, తొందరపెట్టలేం. ఈలోగా పేజీలు మాయమవుతున్నాయి.

కారణం తెలిసింది. తాత్కాలిక ఫైళ్లను శుభ్రం చేసే సిస్టమ్‌డీ-టీఎంపీఫైల్స్ టైమర్ రోజుకోసారి నడిచి /టీఎంపీలో 10 రోజులు, /వార్/టీఎంపీలో 30 రోజులు దాటినవి తీసేస్తోంది. ఫైల్ చివరిసారి ఎప్పుడు చదివారు, ఎప్పుడు మార్చారు అన్నవి కూడా చూస్తుందట.

టైమర్‌ని పూర్తిగా ఆపడం నాకు ఇష్టం లేదు. మిగతా చెత్త పేరుకుపోయి డిస్క్ నిండితే పని మొత్తం ఆగుతుంది. స్కాన్లు కూడా 90 రోజుల తర్వాత వాటంతట అవే పోవాలి. స్క్రిప్టులు వేరేవాళ్లు రాసినవి కాబట్టి ఫోల్డర్ చోటు మార్చడం కుదరదు.

/ఈటీసీ/టీఎంపీఫైల్స్.డీలో కొత్త కాన్ఫ్ (సెట్టింగుల) ఫైల్ పెట్టి, ఈ ఫోల్డర్‌కి చిన్న 'డీ' లైన్‌లో (ఫోల్డర్‌నీ దాని గడువునీ చెప్పే లైన్) 90 రోజులు రాస్తే, పై ఫోల్డర్ 30 రోజుల నియమం దీని లోపలికి రాకుండా ఉంటుందా? లేక శుభ్రం చేయకుండా వదిలేయమని చెప్పే 'ఎక్స్' లైన్ కూడా కావాలా? చిన్న ఎక్స్ పెడితే లోపలివి ఎప్పటికీ పోవేమోనని టెన్షన్‌గా ఉంది. డ్రై-రన్ ఆప్షన్‌తో (నిజంగా తీసేయకుండా, ఏం తీసేస్తుందో మాత్రం చూపేది) ముందే చూసుకుంటే ఆ ఫలితాన్ని నమ్మొచ్చా? ఇలా వాడుతున్నవాళ్లు మీ లైన్ ఎలా ఉందో చెప్పగలరా?