ఫాగిన్‌టార్ క్వారీ మొండి గోడలు: నిలబెట్టాలా, పడిపోనివ్వాలా?

వానచుక్క:
ఇంగ్లండ్‌లో డెవన్ వైపు ఉన్నవాళ్లకి డార్ట్‌మూర్ అనే ఎత్తైన బీడు ప్రాంతం తెలిసే ఉంటుంది. ప్రిన్స్‌టౌన్ జైలుకి పడమరగా, మెర్రివేల్ వెళ్లే దారిలో ఫాగిన్‌టార్ అనే పాత గ్రానైట్ క్వారీ ఉంది. 1820ల ప్రాంతంలో మొదలై 20వ శతాబ్దం మొదట్లో పని ఆగిపోయింది. లండన్‌లో నెల్సన్ స్తంభానికి రాయి ఇక్కడిదే. ఇప్పుడు ఆ గుంట నిండా నీళ్లు. బయట బీడు మీద మాత్రం పనివాళ్ల ఇళ్లవీ, షెడ్లవీ మొండి గోడలు మిగిలాయి. పైకప్పు లేదు, గుమ్మం కంతలు ఉన్నాయి, కిటికీ కంతల్లోంచి ఆకాశం కనిపిస్తుంది.

నేను ప్లిమత్ వచ్చి ఏడేళ్లు, వెళ్లినప్పుడల్లా ఫొటోలు తీస్తాను. మొన్న పాత ఫొటోలు పక్కన పెట్టుకుని చూస్తే ఒక గోడలో పై రెండు వరసలు లేవు, ఒక కిటికీ మీది అడ్డరాయి కింద పడి ఉంది. ఇంకో ఇరవై ఏళ్లు ఇలాగే వదిలేస్తే మిగిలేది రాళ్ల కుప్పే. మళ్లీ ఇళ్లు కట్టమని అడగట్లేదు నేను. ఉన్న గోడని ఉన్నచోట సున్నంతో బిగించి నిలబెట్టాలి అంటున్నాను, అంతే. మీరేమంటారు?

గునపం:
నేను ఒప్పుకోను. అక్కడికి మనం ఎందుకు వెళ్తాం? గేటు లేదు, టికెట్ లేదు, బోర్డు లేదు కాబట్టి. సున్నం పని అంటే ముందు పరంజా వస్తుంది, తర్వాత ఇన్సూరెన్స్ వాళ్లు కంచె అడుగుతారు, ఆ తర్వాత ‘గోడ ఎక్కరాదు’ బోర్డు. బాగుచేసిన గోడకి కాపలా కావాలి, పడిపోతున్న గోడకి అక్కర్లేదు.

ఇంకో మాట. అక్కడ ఒకప్పుడు టార్ ఉండేది, అంటే కొండ నెత్తిన పేర్చినట్టు ఉండే బండల గుట్ట. క్వారీ వాళ్లు దాన్ని మొత్తం కోసుకుపోయారు, పేరు మాత్రం మిగిలింది. మైలు దూరంలో మెర్రివేల్ దగ్గర వరసగా పాతి నిలబెట్టిన రాళ్లు కంచుయుగం నాటివి, వేల ఏళ్లవి. వాటిని కాపాడండి, డబ్బు ఉంటే అక్కడ పెట్టండి. నిన్నమొన్నటి ఫ్యాక్టరీ గోడల్ని కూడా గుడిలా చూడాలా?

ఎక్సెటర్ సివిల్:
నా ఉద్యోగం పాత కట్టడాల మరమ్మతు కాబట్టి గోడ ఎలా చస్తుందో చెప్తాను, తర్వాత మీరు కొట్టుకోండి.

గ్రానైట్‌కి ఏమీ కాదు. చచ్చేది రాళ్ల మధ్య ఉన్న మట్టీ సున్నమూ. కప్పు ఉన్నంతకాలం గోడ నెత్తి తడవదు. కప్పు పోయిన రోజు నుంచి నీళ్లు పైనుంచి లోపలికి దిగుతాయి. ప్రిన్స్‌టౌన్‌లో ఏడాదికి దాదాపు 2000 మిల్లీమీటర్ల వాన, హైదరాబాద్‌కి రెండింతల పైనే. చలికాలం రాత్రి ఆ నీళ్లు గడ్డకట్టి ఉబ్బుతాయి, పగలు కరుగుతాయి. ఒక్కో చలికాలంలో ఇది ఎన్నిసార్లు జరుగుతుందో లెక్కలేదు. లోపలి పూడిక కొట్టుకుపోయి గోడ రెండు పొరలుగా విడిపోతుంది, పొట్ట ఉబ్బుతుంది, ఒకరోజు కూలుతుంది. వానచుక్క గారు చూసింది అదే.

సిమెంట్ మాత్రం ఎవరూ అనకండి. సిమెంట్ పూస్తే లోపలి తడి బయటికి పోలేక ఇంకా తొందరగా పాడవుతుంది. మన దగ్గర పాత కోటలకి సిమెంట్ పులిమి ఏం చేశారో అందరం చూశాం. ఇంకో పద్ధతి ఉంది, ఇక్కడ శిథిలాల మీద వాడుతున్నారు: గోడ నెత్తిన మట్టి పరిచి గడ్డి చెక్కలు, అంటే వేళ్లూ మట్టితో సహా పలకల్లా కోసిన పచ్చిక, కప్పడం. గడ్డి తడిని పట్టుకుంటుంది, చలి రాత్రుల్లో గోడకి దుప్పటిలా పనిచేస్తుంది. దూరం నుంచి చూస్తే ఎవరో చేసినట్టు కూడా ఉండదు.

దారిబత్తెం:
నేను ఇద్దరు పిల్లల్ని తీసుకుని వెళ్తాను కాబట్టి నాకు మొదట కనిపించేది ప్రమాదమే. వేసవిలో మా చిన్నవాడు గుమ్మం పక్క గోడ ఎక్కితే పైరాయి కదిలింది, నా గుండె ఆగినంత పనైంది. గునపం గారూ, కాపలా అక్కర్లేదు అని మీరు అనేస్తున్నారు గానీ అక్కడికి బడి పిల్లలు వస్తారు, గుంటలో ఈతకి కుర్రాళ్లు వస్తారు. 2025 మేలో బ్రిటన్ సుప్రీంకోర్టు డార్ట్‌మూర్‌లో యజమాని అనుమతి లేకుండా రాత్రి గుడారం వేసుకునే హక్కు ఉందని తీర్పిచ్చింది కదా, మంచిదే, కానీ గాలి అడ్డం కోసం ఈ గోడల రాళ్లే లాగి పేర్చుకున్న జాగాలు నేను చూశాను.

నా సలహా వేరు. ఒక్క ఇంటికి కప్పు వేయండి. వానొస్తే నడిచేవాళ్లు లోపల నిలబడతారు, గోడ మీద ఆ ఊరి కథ రాయండి.

ఎక్సెటర్ సివిల్:
కప్పు వేస్తే గోడకి మంచిదేనండీ, కానీ గ్రానైట్ నేల మీద తలుపులు మూసిన చిన్న గది అంటే రేడాన్ సంగతి చూడాలి. నేల లోంచి వచ్చే రేడియోధార్మిక వాయువు అది. 2024లో పక్కనే ఉన్న ప్రిన్స్‌టౌన్ జైలుని ఖాళీ చేయించింది దాని వల్లే. గాలి ఆడేలా తెరిచి ఉంచితే భయం లేదు. కానీ అప్పుడది పాత ఇల్లు అవదు, బస్ షెల్టర్ అవుతుంది.

చీమకుర్తి నుంచి:
ఇంతవరకూ చదివాను. నేను డార్ట్‌మూర్ చూడలేదు, పుట్టింది ప్రకాశం జిల్లాలో, బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ తీసే ఊళ్లో. మా నాన్న క్వారీలో పనిచేశాడు. ‘నిన్నమొన్నటి ఫ్యాక్టరీ గోడలు’ అన్న మాట దగ్గర ఆగిపోయాను.

మా దగ్గర ఇప్పుడు డైమండ్ వైరుతో, అంటే వజ్రపు పూసలు గుచ్చిన తీగతో, రాయి కోస్తారు. నాన్న చిన్నప్పుడు ఉలితో వరసగా చిల్లులు వేసి, వాటిలో చీలలు పెట్టి, సమ్మెటతో ఒక్కోదాన్నీ కొంచెం కొంచెం కొడుతూ పోయేవారు. రాయి చీలే ముందు చప్పుడు మారుతుందట, ఆ చప్పుడు వినగలిగినవాడే మేస్త్రీ. వానచుక్క గారు పెట్టిన ఫొటోల్లో రాళ్ల అంచున సగం చిల్లుల వరస ఉంది చూడండి, అదే పని. సముద్రాలు దాటి అదే చెయ్యి. ఒరిస్సా నుంచి, తమిళనాడు నుంచి మా ఊరికి పనికి వచ్చినవాళ్లు రేకుల షెడ్లలో ఉండేవారు. క్వారీ జరిగితే షెడ్డూ జరుగుతుంది. రేపు వందేళ్ల తర్వాత ఆ మనుషులు అక్కడ బతికారని చూపించడానికి ఒక గోడ కూడా ఉండదు. మీ దగ్గర ఉంది. దాన్ని పడిపోనివ్వండి అని ఎంత తేలిగ్గా అంటున్నారు?

రాయి పోయిన చోటల్లా పేరుంది, నెల్సన్ పేరుంది. చెక్కినవాళ్లకి మిగిలింది ఆ పొయ్యి గూడు, ఆ గుమ్మమే.

గునపం:
మీ మాటకి బాధపడ్డాను. ఫ్యాక్టరీ గోడలు అని అనకుండా ఉండాల్సింది, వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ నా వాదన మాత్రం తీసుకోను, ఎందుకో చెప్తాను. ఫాగిన్‌టార్ నుంచి పాత రైలు దారి వెంట స్వెల్‌టార్ క్వారీ వైపు నడిస్తే గట్టు పక్కన పది పన్నెండు చెక్కిన పెద్ద ఆనుడు రాళ్లు, అంటే గోడలోంచి ముందుకి పొడుచుకొచ్చి పై బరువు మోసే రాళ్లు, పడి ఉంటాయి. 1900ల మొదట్లో లండన్ బ్రిడ్జిని వెడల్పు చేసినప్పుడు దానికోసం స్వెల్‌టార్‌లో చెక్కినవి, మిగిలిపోయాయి. ఆ బ్రిడ్జిని 1968లో అమెరికాకి అమ్మేశారు, ఇప్పుడు అరిజోనా ఎండలో ఉంది. ఈ రాళ్లు మాత్రం చెక్కినవాళ్లు వదిలిన చోటే గడ్డిలో ఉన్నాయి. ఎవరూ బిగించలేదు, ఎవరూ బోర్డు పెట్టలేదు. ఆ దారిలో నన్ను ఎక్కువగా ఆపేది అవే. ముట్టుకోకపోవడం కూడా గౌరవమే అని నా నమ్మకం.

వానచుక్క:
గునపం గారూ, ఆ రాళ్లు నేల మీద పడుకుని ఉన్నాయి. వాటికి పడే భయం లేదు కాబట్టే ముట్టుకోకుండా వదలగలిగాం. గోడ నిలబడి ఉన్న వస్తువు. దాన్ని వదలడం అంటే పడేయడమే, కాస్త నిదానంగా.

కంచె భయం నాకూ ఉంది. డార్ట్‌మూర్‌లోనే హేటార్ వైపు చూడండి, 1820లో జార్జ్ టెంప్లర్ వేయించిన గ్రానైట్ పట్టాల దారి, ఇనుము కాదు, పట్టాలే రాయి. అది చట్టం కింద రక్షణలో ఉంది, అయినా జనం దాని మీద స్వేచ్ఛగా నడుస్తున్నారు. రక్షణ అంటే కంచే కావాలని లేదు. దారిబత్తెం గారి కప్పు నాకు ఇష్టం లేదు, అది వేరే ఇల్లయిపోతుంది. గడ్డి కప్పే పద్ధతి మాత్రం నాకు ఇంతవరకూ తెలియదు, దానికి నా ఓటు.

చీమకుర్తి నుంచి రాసినవారికి, మీ నాన్నగారు చెప్పిన చప్పుడు సంగతి ఇంకా రాయండి, ఎంత పొడుగైనా సరే.

దారిబత్తెం:
కప్పు సంగతి వదిలేస్తాను. కదిలే రాళ్ల సంగతి వదలను. గడ్డి కప్పే ముందు పైవరసలో ఊగుతున్న రాళ్లు దింపి అదే గోడ మొదట్లో పెట్టాలి. ఎవరైనా దెబ్బ తిన్న తర్వాత అధికారులు గోడంతా కూలగొట్టించేస్తే అప్పుడు ఎవరి మాటా నిలవదు.

ఎక్సెటర్ సివిల్:
దింపడానికి ముందు ప్రతి గోడకీ నాలుగు వైపులా కొలతలతో ఫొటోలు ఉండాలి. ఏ రాయి ఎక్కడిదో తెలియకుండా ముట్టుకుంటే అది మరమ్మతు కాదు. నేషనల్ పార్క్ వాళ్లనీ, భూమి యజమానినీ అడగకుండా గడ్డి చెక్క కూడా పెట్టకూడదు. రాత పని నేను చేస్తాను. వచ్చే ఆదివారం ఫోర్ విండ్స్ కార్ పార్కింగ్ దగ్గర పదింటికి ఉంటాను. అక్కడ చుట్టూ ఉన్న పాత గోడ గమనించారా, క్వారీ పిల్లల బడి ఉన్న చోటు అది. టేపు, గుర్తుల కర్ర తెస్తాను.

గునపం:
కొలతలకి నేనూ వస్తాను, పెద్ద టేపు నా దగ్గర ఉంది. అనుమతి అడుగుతూ మీరు రాసే ఉత్తరం మీద మాత్రం సంతకం పెట్టను. గడ్డి దాకా సరే అనిపిస్తోంది, సున్నం దగ్గర మనసు ఒప్పట్లేదు. గోడలు దగ్గరగా చూసి, ఆదివారం అక్కడే నిలబడి మాట్లాడుకుందాం.

చీమకుర్తి నుంచి:
చిల్లుల మధ్య దూరం కూడా కొలవండి, లోతు కూడా. నాన్నకి చూపిస్తాను. ఎలాంటి ఉలి వాడారో ఆయన చెప్పగలడు.