స్పోర్ట్స్ కారు కొన్నాక దాన్ని కెలకాలా, ఉన్నదున్నట్టు వదిలేయాలా?

నెల్లూరి వీ8

అందరికీ నమస్కారం. పోయిన నెల 2017 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్ జీటీ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ఎర్ర రంగు, ఒక్క ఓనరే, ఎక్కడా చెయ్యి పడని బండి. ఉండేది చెన్నై పళ్లికరణైలో. సొంతూరు నెల్లూరు కాబట్టి తడ మీదుగా హైవే ఎక్కడం మామూలే.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా: 5 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్), టర్బో లేదు, 401 పీఎస్ (గుర్రపు శక్తి). అదే ఇంజిన్‌కి యూరప్‌లో 421 పీఎస్ ఇచ్చి మనకు కోత పెట్టారు. ఆ మంట నాకింకా చల్లారలేదు. సౌండ్ కూడా ఆశించినంత లేదు.

నా లిస్టు ఇది: ఎగ్జాస్ట్, లోయరింగ్ స్ప్రింగులు (బండి ఎత్తు తగ్గించేవి), కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ (ఇంజిన్‌కి గాలి అందించే కిట్), మ్యాట్ గ్రే ర్యాప్ (బాడీ మీద రంగు స్టిక్కర్), చివర్లో ఈసీయూ రీమ్యాప్, అంటే ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం. మా బావేమో ‘ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీకే మంగళం పాడింది, ఒరిజినల్‌గా మిగిలిన బండిని పాడుచేస్తే పాపం తగులుతుంది’ అంటున్నాడు. నా డబ్బు, నా కారు. నాకు నచ్చినట్టు చేయించుకుంటే తప్పేంటి? మొహమాటం లేకుండా చెప్పండి.

గిండీ టర్బో

తప్పేమీ లేదు బ్రో. నాది స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ 230, స్టేజ్ 1 రీమ్యాప్ చేయించాను, హాయిగా తిరుగుతున్నాను. కంపెనీ కారుని ఒక్కడి కోసం తయారుచేయదు. కల్తీ పెట్రోలు పోసేవాడు, సర్వీసు ఎగ్గొట్టేవాడు, ఎడారిలో ఉండేవాడు, మంచులో ఉండేవాడు, ఇంతమంది చేతుల్లో పడినా తట్టుకోవాలని కాస్త మార్జిన్ వదిలి ట్యూన్ చేస్తుంది. బండిని బాగా చూసుకునేవాడు ఆ మార్జిన్ వాడుకుంటాడు, అంతే.

కాకపోతే నీది టర్బో లేని ఇంజిన్. మాకైతే టర్బో బూస్ట్ పెంచగానే టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) ఎగబాకుతుంది, నీకు రీమ్యాప్‌తో వచ్చేది అంతంతమాత్రమే. ఆ డబ్బు దాచుకో. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మాత్రం కళ్లు మూసుకుని చేయించేయ్.

పెరంబూరు స్పానర్

కళ్లు తెరుచుకునే చేయించు తమ్ముడూ. నాకు గ్యారేజీ ఉంది, మోడిఫికేషన్ల మీదే సగం బతుకుతున్నాను. కాబట్టి వద్దనే ఉద్దేశం నాకు లేదు.

ముందు ఇన్‌టేక్ సంగతి. పేరుకి కోల్డ్ ఎయిర్. చౌకరకం కిట్లలో ఫిల్టర్‌ని బానెట్ కింద బోర్లించి వదిలేస్తారు, అది పీల్చేది ఇంజిన్ వేడి గాలిని. మే నెలలో, చెన్నై ట్రాఫిక్‌లో, సిగ్నల్ దగ్గర నిలబడ్డప్పుడు ఎలా ఉంటుందో నువ్వే ఆలోచించు. వేడెక్కిన గాలి పలచబడుతుంది, పవర్ పడిపోతుంది. కంపెనీ ఇచ్చిన నల్ల డబ్బా చూడ్డానికి బాగుండదు గానీ, మూత బిగించి ఉంటుంది, ముందు నుంచి బయటి గాలి తీసుకుంటుంది. మస్టాంగ్‌కి దొరికే మంచి కిట్లు పాత డబ్బా చోటులోనే కూర్చుంటాయి, వేడి తగలకుండా అడ్డు కూడా ఉంటుంది. వాటితో పేచీ లేదు.

భయమల్లా ఫిల్టర్‌ని బంపర్ దాకా కిందికి దించే రకంతోనే. నువ్వుండేది పళ్లికరణై. చిత్తడి నేల పక్కనే. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపానుకి వేలచేరి ఫ్లైఓవర్ మీద జనం కార్లు వరసగా పెట్టుకున్నది గుర్తుంది కదా. గాలి నొక్కితే నొక్కుకుంటుంది, నీళ్లు నొక్కుకోవు. పిస్టన్ పైకి వచ్చేసరికి సిలిండర్‌లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగి కూర్చుంటుంది. అలాంటి బండి ఒకటి మా దగ్గరికి టోయింగ్‌లో వచ్చింది. ప్లగ్గులు విప్పి సెల్ఫ్ కొడితే నీళ్లు బానెట్ దాకా చిమ్మాయి. మూడు పిస్టన్లు పైదాకా వస్తున్నాయి, నాలుగోది కాస్త కిందే ఆగిపోతోంది. రాడ్ వంగిందనడానికి ఇంకేం సాక్ష్యం కావాలి? దాని ఇన్‌టేక్ పైపు ఫాగ్ ల్యాంప్ వెనక ఉంది.

గిండీ టర్బో

స్పానర్ అన్నా, వానలో మస్టాంగ్ బయటికి తీసేవాడెవడు?

పెరంబూరు స్పానర్

బండి నీళ్ల దగ్గరికి వెళ్లకపోతే నీళ్లే బేస్‌మెంట్ పార్కింగ్‌కి వస్తాయి. నీళ్లు దిగాక ‘చూద్దాం’ అని ఒక్కసారి స్టార్ట్ కొట్టేవాళ్లే మాకు అన్నం పెడుతున్నారు.

సర్వే సారు

మోటార్ క్లెయిములు చూసే సర్వేయర్ని. స్పానర్ గారు చెప్పిన కేసులో ఇంకో ముడి ఉంది. ఇంజిన్‌లోకి నీళ్లు పోయి వచ్చిన నష్టాన్ని మామూలు కాంప్రహెన్సివ్ పాలసీ సాధారణంగా భరించదు. ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ ఉండాలి. అది ఉన్నా, మీరు చెప్పకుండా ఇన్‌టేక్ మార్చి ఉంటే అక్కడ వాదన మొదలవుతుంది. మార్పులేమైనా ముందే రాసిచ్చి, అడిగిన ప్రీమియం కట్టి, పాలసీలో ఎక్కించుకోండి.

ఇక ‘నా కారు’ అన్నారు. ఆర్‌సీలో ఎక్కిన వివరాల వరకు అది పూర్తిగా మీ ఇష్టం కాదండీ. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఆ మాటే చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ హైకోర్టు తీర్పును పక్కనపెట్టి, తయారీదారు ఇచ్చిన, ఆర్‌సీలో నమోదైన వివరాలను మార్చడానికి వీల్లేదని తేల్చింది. అదే ఏడాది వచ్చిన సవరణలో 182ఎ చేరింది: అనుమతి లేని మార్పు చేయిస్తే ఓనరుకి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ‘ఒక్కో మార్పుకి’ అన్నది గమనించండి. మీ లిస్టులో ఐదున్నాయి. ఐదూ దీని కిందికే వస్తాయని నేననడం లేదు, స్ప్రింగుల్లాంటివి ఆర్‌సీలో ఉండవు. ర్యాప్ మాత్రం కచ్చితంగా చూసుకోవాలి. ఎర్ర కారుని గ్రే చేస్తే ఆర్‌సీలో రంగు మారాలి. ఆర్‌టీఓలో దరఖాస్తు పెడితే అయ్యే పనే, బద్ధకించకండి.

బీసెంట్ నగర్ వాసి

‘నా డబ్బు, నా కారు’ వరకు సరే. నా చెవులు కూడా మీవేనా?

మా ఇల్లు ఎలియట్స్ బీచ్‌కి దగ్గర్లో. శనివారం రాత్రి పన్నెండు దాటాక ఎగ్జాస్ట్ పేల్చుకుంటూ రౌండ్లు కొట్టేవాళ్ల పుణ్యాన మా అత్తయ్యకి నిద్ర మాత్ర వేసినా నిద్ర పట్టదు. కార్లంటే గిట్టక అంటున్న మాట కాదు. నాది పాత పోలో జీటీ టీఎస్‌ఐ. డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు) మార్చాను, మంచి టైర్లు వేశాను, సీట్లు కుట్టించాను. రీమ్యాప్ జోలికి మాత్రం పోలేదు. దాని డ్రై క్లచ్ డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ తట్టుకునే టార్క్ హద్దు 250 న్యూటన్ మీటర్లు. ఆ అంచు దాకా తీసుకెళ్లి, రోజూ బంపర్ టు బంపర్ ట్రాఫిక్‌లో నడిపి, తర్వాత గేర్‌బాక్స్‌ని నడిపే మెకట్రానిక్స్ పోయిందని ఏడవడం నా వల్ల కాదు. పైగా ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కార్లలో ట్యూన్ సర్వీసు కంప్యూటర్‌కి దొరికిపోతే టీడీ1 అని ముద్ర పడుతుంది, వారంటీ గోవిందా.

ఇవన్నీ నా సొమ్ముతో నేను పడే తిప్పలు. ఎవరికీ నొప్పి లేదు. ఎగ్జాస్ట్ అలా కాదు. సరదా మీది, మోత ఊరందరిది.

గిండీ టర్బో

నేను వారంటీ అయిపోయాకే చేయించాను మేడమ్, నాకు ముద్రా లేదు మచ్చా లేదు. మోత అంటారా, లారీల ఎయిర్ హారన్లు, ఊరేగింపుల్లో టపాసులు మీకు వినబడవా? మా దగ్గరికి వచ్చేసరికే అందరికీ చెవులొస్తాయి.

బీసెంట్ నగర్ వాసి

వినబడతాయి. ఆ లారీవాళ్లు ఇక్కడికొచ్చి తప్పేంటని అడగలేదు. ఈయన అడిగారు, చెప్పాను.

సర్వే సారు

శబ్దం, పొగ ప్రమాణాలు మీరితే సెక్షన్ 190(2) అని వేరే ఉంది. మొదటిసారికి 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. మూడు నెలలు లైసెన్సు మీద వేటు కూడా.

మోడరేటర్

షాపుల పేర్లు, ఫోన్ నంబర్లు పెట్టిన రెండు పోస్టులు తీసేశాను. కార్ల షాపులుండే జనరల్ ప్యాటర్స్ రోడ్‌లో ఎవరు మంచివాళ్లో, ఎవరు ముంచారో ఇక్కడ వద్దు.

గిండీ టర్బో

చట్టం మాట సరే. బావగారి ‘పాపం’ మాటకి మాత్రం జవాబు చెప్పాలి. మన చెన్నై వాళ్లకి కారు కెలకడం కొత్తగా పట్టిన పిచ్చి కాదు. యుద్ధకాలం నాటి షోలవరం ఎయిర్‌స్ట్రిప్ మీద దశాబ్దాల పాటు రేసులు జరిగాయి. అక్కడ పరిగెత్తినవాటిలో ఫియట్లు, హెరాల్డ్‌లు బోలెడు. విప్పి, గీసి, మార్చి దింపినవే. 1990లో ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ వచ్చింది కూడా ఆ పిచ్చి ఉన్నవాళ్ల వల్లే. ఒరిజినల్‌గా ఉంచాలి, ముట్టుకోకూడదు అనేది అమ్ముకునేవాడి ఆలోచన. నడుపుకునేవాడికి ఆ కారులో తన గుర్తు ఉండాలి. ఒకేలాంటి ఎర్ర మస్టాంగ్‌లు పది నిలబెడితే నీదేదో నువ్వు నంబర్ ప్లేటు చూసి కనుక్కోవాలంటే ఇక ఏం సంతోషం?

బీసెంట్ నగర్ వాసి

ఇది మాత్రం ఒప్పుకుంటాను. అయితే షోలవరం వాళ్లు మార్చింది రేసు కోసం, ఓఎంఆర్ (ఓల్డ్ మహాబలిపురం రోడ్) కోసం కాదు. లోయరింగ్ స్ప్రింగులతో ఓఎంఆర్ మెట్రో పనుల పక్కన ఒక్క వారం తిరిగి చూడండి. మస్టాంగ్ మామూలుగానే ఎత్తు స్పీడ్ బ్రేకర్ల మీద కడుపు రాస్తుంది. దాన్ని ఇంకా దించి, పాత డ్యాంపర్లే ఉంచితే అవి కదిలే చోటు తగ్గి, గుంత వచ్చినప్పుడల్లా స్టాపర్‌కి గుద్దుకుంటాయి. అలైన్‌మెంట్ సరిచేయించకపోతే టైర్లు లోపలి అంచున అరిగిపోతాయి, బయటి నుంచి చూస్తే కొత్తగానే కనిపిస్తాయి. స్ప్రింగులొక్కటే మార్చడం డబ్బు దండగ. మారిస్తే డ్యాంపర్లతో కలిపి, ఎత్తు పెద్దగా తగ్గకుండా మార్చాలి.

పెరంబూరు స్పానర్

టైర్ల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. తమ్ముడి లిస్టు చూడగానే నాకు కొట్టొచ్చినట్టు కనబడింది ఇదే: ఐదు ఐటమ్స్‌లో కారుని ఆపేది ఒక్కటీ లేదు. పదిహేడు వందల కిలోలు దాటిన బండి, నాలుగు వందల గుర్రాలు, ఎన్నేళ్ల నాటివో తెలియని టైర్లు.

ఇప్పుడే వెళ్లి టైరు పక్క గోడ మీద డీఓటీ అని ఉన్న చోట చివరి నాలుగు అంకెలు చూడు. 1417 అంటే 2017లో 14వ వారం తయారీ. తక్కువ తిరిగిన సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కార్లలో గాడులు నిండుగా ఉంటాయి, రబ్బరు మాత్రం ఎండిపోయి ఉంటుంది. గోరు దిగదు. తడిరోడ్డు మీద వెనక చక్రాల డ్రైవు ఉన్న వీ8కి అంతకన్నా ప్రమాదం లేదు.

తర్వాత బ్రేక్ ఆయిల్. అది గాల్లో తేమని లాగేసుకుంటుంది, చెన్నైలో తేమకి కరువా. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టినదానికి ఆ హద్దు 155 డిగ్రీలే. మరిగితే లోపల ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ మెత్తగా కిందికి పోతుంది, బండి ఆగదు. ట్రాక్ డే ఉన్నప్పుడు ఇరుంగాట్టుకోట్టై తీసుకెళ్లు. 3.7 కిలోమీటర్ల ల్యాప్. నీ కారుకి ఏం తక్కువైందో అక్కడ తెలుస్తుంది. అప్పుడు లిస్టు రాయి.

ఎగ్జాస్ట్ వేయాల్సిందే అంటే క్యాట్ బ్యాక్ వరకే. అంటే పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని ముట్టుకోకుండా దాని తర్వాతి పైపులు, సైలెన్సర్లు మార్చడం. హెడర్లు (ఇంజిన్ నుంచి పొగ తెచ్చే మొదటి పైపులు) వేసి క్యాట్ పీకేస్తే చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది, పొగ కంపు క్యాబిన్‌లోకి కొడుతుంది. క్యాట్ బ్యాక్‌లో కూడా చౌకవి తీసుకుంటే హైవే మీద ఒకే స్పీడులో చెవుల్లో గుయ్యిమంటూనే ఉంటుంది. నెల్లూరు చేరేసరికి తల పగిలిపోతుంది. వేసుకునే ముందు అదే కిట్ ఉన్న ఎవరి కార్లోనైనా హైవే మీద కూర్చుని చూడు. యూట్యూబ్ వీడియో వినికిడి లెక్కలోకి రాదు.

నెల్లూరి వీ8

టార్చి పట్టుకుని పార్కింగ్‌కి వెళ్లొచ్చాను. ముందువి 2221. వెనకవి 4916, అంటే కారుతో పాటు వచ్చినవే! గాడులు మాత్రం బంగారంలా ఉన్నాయి, అందుకే అమ్మినాయన ‘టైర్లు చూడక్కర్లేదు సార్’ అన్నాడు.

నాలుగు టైర్లు, బ్రేక్ ఆయిల్, ప్యాడ్లు ముందు. స్ప్రింగులు, రీమ్యాప్ కొట్టేశాను. ఇన్‌టేక్ ఈ ఈశాన్య రుతుపవనాలు దాటాక చూస్తా. ర్యాప్ ఆర్‌టీఓ కాగితంతోనే. ఎగ్జాస్ట్ మాత్రం నేను వదలను. మేడమ్ తిట్టుకున్నా సరే, వీ8 కొన్నది దాని గొంతు కోసమే. వాల్వ్ ఉన్న క్యాట్ బ్యాక్ తీసుకుంటా, ఊళ్లో మూసి ఉంచుతా, మోత ప్రమాణం దాటకుండా చూసుకుంటా.

బీసెంట్ నగర్ వాసి

వాల్వ్ బటన్ మీద ఉండేది మీ వేలే కదా. అక్కడే నాకు నమ్మకం లేదు. టైర్ల విషయంలో మాత్రం శభాష్.

గిండీ టర్బో

ట్రాక్ డే ఎప్పుడో చెప్పు, నేనూ వస్తా. అక్కడైతే బటన్ ఎవరూ అడగరు.

పెరంబూరు స్పానర్

ఎక్కడ బిగించినా పాత సైలెన్సర్ అక్కడే వదిలి రాకు. ‘పనికిరాదు సార్, మేం పడేస్తాం’ అంటారు. డిక్కీలో పట్టకపోతే ఆటోలో వేసుకునైనా ఇంటికి తెచ్చుకో. ఎఫ్‌సీకో (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), క్లెయిముకో, అమ్మకానికో ఒకరోజు అదే కావాలి, ఫోర్డ్ షోరూమ్‌కి వెళ్లి కొనుక్కునే రోజులు పోయాయి. ఇప్పుడు వదిలేస్తే రేపు పుదుపేట పాత సామాన్ల బజార్లో నీ సైలెన్సర్ నువ్వే బేరమాడాల్సి వస్తుంది.