రెండు మితుల పొరలో లోహం ఉంటుందా? అయస్కాంత క్షేత్రం ఎవరి వైపు?

రేణువు:
మాలిన్యాలున్న రెండు మితుల పొరలో (ఎలక్ట్రాన్లు పొడవు, వెడల్పుల్లోనే కదలగల పలుచని పొర), అవి ఎంత తక్కువున్నా, పరమ శూన్య ఉష్ణోగ్రత దగ్గర ఎలక్ట్రాన్లన్నీ ఎక్కడివక్కడ చిక్కుకుపోతాయని 1979లో అబ్రహామ్స్, ఆండర్సన్, లిచియార్డెల్లో, రామకృష్ణన్ తేల్చారు. అంటే లోహానికి, అంటే అంత చల్లదనంలోనూ కరెంటును పోనిచ్చే స్థితికి, చోటే లేదు. కానీ 1994లో క్రావ్‌చెంకో బృందం నాణ్యమైన సిలికాన్ మాస్‌ఫెట్లను (ఇలాంటి ఎలక్ట్రాన్ల పొర ఉండే ట్రాన్సిస్టర్లను) చల్లబరుస్తూ పోతే నిరోధం బాగా పడిపోయింది. అది నిజమైన లోహమేనా? అయస్కాంత క్షేత్రంతో చేసిన కొలతలు ఏం చెబుతున్నాయి?

చుక్కాని:
కాదనే నా గట్టి నమ్మకం. ఎలక్ట్రాన్ మాలిన్యాలకు తగులుతూ ఒక చుట్టు తిరిగి బయల్దేరిన చోటికే రావచ్చు. అదే చుట్టును ఎదురు దిశలోనూ తిరగవచ్చు. ఎలక్ట్రాన్ తరంగం కూడా కాబట్టి, ఈ రెండు దారుల తరంగాలూ ఒకే ఫేజ్‌తో (ఎగుడుదిగుళ్లు సరిగ్గా ఒకదానిపై ఒకటి పడేలా) కలుస్తాయి కాబట్టి వెనక్కి వచ్చే అవకాశం పెరుగుతుంది, నిరోధమూ పెరుగుతుంది. పొరకు లంబంగా చిన్న క్షేత్రం పెడితే రెండు దిశల ఫేజ్‌లు వేరవుతాయి, నిరోధం తగ్గుతుంది. ఫేజ్ చెడకుండా ఎలక్ట్రాన్ ఒక మైక్రాన్ వెళ్లగలిగితే 0.16 మిల్లీటెస్లా స్థాయి క్షేత్రమే చాలు! (ఎలక్ట్రాన్ కదలికకూ, దాని స్పిన్‌కూ ముడిపెట్టే స్పిన్-ఆర్బిట్ ప్రభావం బలంగా ఉన్న పదార్థాల్లో ఇది తలకిందులవుతుంది.) గాలియం ఆర్సెనైడ్ అనే అర్ధవాహకంలోని హోల్స్ (ఎలక్ట్రాన్ లేని ఖాళీలు, ధనావేశంలా కదులుతాయి) పొరలో, చల్లబరిస్తే నిరోధం తగ్గే వైపున కూడా, ఈ గుర్తు 2000లో కనిపించింది. ఎలక్ట్రాన్లను బంధించే ఈ తరంగాల కలయిక (వ్యతికరణం) అక్కడే ఉందన్నమాట. ఇంకా చల్లబరిస్తే దానిదే పైచేయి అవుతుంది.

నీలిమేఘం:
చుక్కాని గారూ, లంబ క్షేత్రం సగం కథే. క్షేత్రాన్ని పొరకు సమాంతరంగా పెట్టండి. పొర పలుచన కాబట్టి ఎలక్ట్రాన్ కక్ష్యలపై దాని పట్టు నామమాత్రం, అది లాగేది స్పిన్‌లనే (ప్రతి ఎలక్ట్రాన్‌కూ ఉండే చిన్న అయస్కాంతం లాంటి గుణం). అయినా సిలికాన్‌లో సంధి సాంద్రత (ఎలక్ట్రాన్ల సంఖ్య తగ్గిస్తూ పోతే లోహ ప్రవర్తన పోయి బంధక ప్రవర్తన మొదలయ్యే చోటు) దగ్గర నిరోధం ఎన్నో రెట్లు పెరిగి, స్పిన్‌లన్నీ ఒకే వైపు తిరిగాక నిలకడగా మారుతుంది. లోహ ప్రవర్తన పోతుంది. ఎలక్ట్రాన్లను విడివిడిగా చూసే 1979 లెక్కలో దీనికి జవాబు లేదు. వాటి పరస్పర వికర్షణను కలిపి పున్నూస్, ఫింకెల్‌స్టైన్ 2005లో చేసిన సిద్ధాంతంలో లోహ స్థితికి చోటుంది.

చుక్కాని:
స్పిన్‌ల పాత్ర ఒప్పుకుంటాను. కానీ స్పిన్‌లన్నీ ఒకే వైపు తిరిగితే స్థితుల సాంద్రత (ఒక శక్తి దగ్గర ఎలక్ట్రాన్లకు దొరికే స్థానాల సంఖ్య) సగమవుతుంది, మాలిన్యాల ఆవేశాన్ని ఎలక్ట్రాన్లు కప్పిపుచ్చడం తగ్గుతుంది. దాంతో నిరోధం పెరుగుతుంది. దీనికి కొత్త లోహం అక్కర్లేదు కదా?

నీలిమేఘం:
సాంద్రత ఎక్కువున్న చోట ఆ వివరణ బాగానే పనిచేస్తుంది. సంధి దగ్గర వికర్షణ శక్తి ఎలక్ట్రాన్ల గతిశక్తిని ఎన్నో రెట్లు మించిపోతుంది. అక్కడ మామూలు స్క్రీనింగ్ (ఆవేశాన్ని కప్పిపుచ్చే) లెక్కను నమ్మడం సాహసమే.

రేణువు:
బలమైన లంబ క్షేత్రంలో క్వాంటం హాల్ ప్రభావం (అడ్డంగా కొలిచే నిరోధం మెట్లుమెట్లుగా మారడం) వస్తుంది కదా, 25,812.8 ఓమ్‌ల మెట్టుతో? అదీ ఈ గొడవలోకి వస్తుందా?

చుక్కాని:
రాదండీ. అక్కడ ప్రతి లాండావ్ స్థాయి (బలమైన క్షేత్రంలో ఎలక్ట్రాన్ శక్తులు విడిపోయే మెట్టు) నడిమధ్యన మాత్రం ఎలక్ట్రాన్లు పొరంతా పాకగలవు, మిగతావి చిక్కుకునే ఉంటాయి. అంత క్షేత్రంలో 1979 లెక్క వర్తించదు.
మన గొడవ తేలాలంటే సున్నా క్షేత్రంలో ఇంకా కింది ఉష్ణోగ్రతల కొలతలే కావాలి. అక్కడ పెద్ద చిక్కుంది: స్ఫటికం చల్లబడినా ఎలక్ట్రాన్లు దానికి తమ వేడిని సరిగా ఇవ్వలేవు. థర్మామీటర్ చూపేదీ, ఎలక్ట్రాన్ల అసలు ఉష్ణోగ్రతా వేరైపోతాయి. నిరోధం గీత అడుగున చదునుగా కనిపిస్తే అది లోహం గుర్తో, చల్లబడని ఎలక్ట్రాన్ల గుర్తో ముందు విడదీయాలి. ఆ పని జరిగేదాకా ‘లోహం’ అనే మాట నేను వాడను.

నీలిమేఘం:
‘చిక్కుకుపోతాయి’ అన్న మాటకూ అదే షరతు పెట్టండి మరి.