ముక్కూ మొహం తెలియని వాళ్లతో రెండు మాటలు, రోజంతా హాయి. మీకూ ఇలాగే ఉంటుందా?

మూడేళ్లుగా ఇంటి నుంచే పని చేస్తున్నాను. కొన్ని రోజులైతే ఫోన్లో తప్ప గొంతు విప్పే పనే ఉండదు. నిన్న చాలా రోజుల తర్వాత బస్సెక్కాను, సీటు దొరకలేదు. కూర్చున్న ఒక పెద్దావిడ నన్ను చూసి "సంచి ఇలా ఇవ్వమ్మా, ఒళ్లో పెట్టుకుంటా" అన్నారు. దిగేటప్పుడు తిరిగిచ్చి నవ్వారు, అంతే. ఆవిడ పేరు తెలీదు, మళ్లీ కనబడతారన్న నమ్మకమూ లేదు, కానీ రాత్రి పడుకునేదాకా మనసు తేలిగ్గా ఉంది. ఇంట్లో చెబితే "అందులో అంతేముంది" అన్నారు. నేనే ముందుగా ఎవరినైనా పలకరించాలంటే మాత్రం టెన్షన్. విసుక్కుంటారేమో అని ఫోన్ తీసి చూస్తూ ఉండిపోతాను. మీరెలా మొదలుపెడతారు?

జవాబు 1
ఆ భయం మీ ఒక్కరిదే కాదండి. నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ అనే పరిశోధకులు చికాగోలో రోజూ రైల్లో ఆఫీసుకు వెళ్లేవాళ్లలో కొందరిని పక్కవాళ్లతో మాట కలపమన్నారు, కొందరిని ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చోమన్నారు. ఎలా ఉంటుందో ఊహించి చెప్పమంటే జనం మౌనంగా కూర్చోవడమే హాయి అన్నారు, తీరా చూస్తే మాట్లాడినవాళ్లకే ప్రయాణం బాగా గడిచింది. 2014లో వచ్చింది ఆ పరిశోధన. ఇంకోటి, 2018లో ఎరికా బూత్‌బీ బృందం కనిపెట్టింది: కొత్తవాళ్లతో మాట్లాడి వచ్చాక మనం వాళ్లకు పెద్దగా నచ్చలేదనుకుంటాం, నిజానికి అంతకంటే ఎక్కువే నచ్చి ఉంటాం. ఇది చదివాక నాకు సగం బెరుకు పోయింది.

జవాబు 2
నాదొక మాట. ఒంటరిగా ప్రయాణం చేసే ఆడవాళ్లకు ప్రతి పలకరింపూ హాయిగా ఉండదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నా, ఒక్క ముక్కలో జవాబిచ్చి కిటికీ వైపు తిరిగినా అక్కడితో వదిలేయాలి. నేను మాత్రం పిల్లల్ని ఎత్తుకున్న తల్లులతో, కౌంటర్లో ఉండేవాళ్లతో మొదలుపెడతాను. రోజంతా వందమందికి బిల్లు కొట్టే అమ్మాయిని "పొద్దుటి నుంచీ నిలబడే ఉన్నారా?" అని అడిగితే తలెత్తి చూసే ఆ చూపు ఉంటుంది చూడండి, దానికోసమైనా అడగాలనిపిస్తుంది.

జవాబు 3
అమ్మా, మొదలుపెట్టడానికి మాటే అక్కర్లేదు. పొద్దున్నే నడకకు వెళ్తే ఒకాయన ఎదురొచ్చేవారు. ఏడాదిపాటు చూసుకోవడమే, తర్వాత తల ఊపడం, ఆ తర్వాత చెయ్యెత్తడం. రోజూ కనబడుతూ ఒక్క మాటైనా ఆడుకోని ఇలాంటివాళ్ల గురించి స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1972లోనే రాశాడట, "తెలిసిన అపరిచితులు" అని. మా ఆవిడ పోయిన కొత్తలో జ్వరమొచ్చి పది రోజులు మంచం దిగలేదు. పదకొండో రోజు వెళ్తే ఆయన దూరం నుంచే చూసి, గబగబా నడిచొచ్చి, "ఏమైపోయారండీ ఇన్నాళ్లు?" అన్నారు. ఆయన గొంతు వినడం అదే మొదటిసారి. జ్వరమని మాత్రం చెప్పాను, ఆవిడ సంగతి చెప్పలేదు. ఇద్దరం కాసేపు పక్కపక్కన నడిచాం, అంతే. ఆ రోజు ఇంటికొచ్చి చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను. ఇప్పటికీ ఆయన పేరు తెలీదు. రేపు కూడా అదే టైముకు బయల్దేరతాను.