డాబా లీకేజీ పని: మేస్త్రీ సగం అడ్వాన్సు అడుగుతున్నాడు

600 చదరపు అడుగుల డాబాకి వాటర్‌ప్రూఫింగ్, సామానుతో కలిపి 60 వేలు అన్నాడు. 30 వేలు ముందే ఇమ్మంటున్నాడు. ఎలా మాట్లాడుకోవాలండీ?

జవాబు 1: సగం వద్దండి. అడ్వాన్సు 6 వేలు చాలు. పాత పూత గీకి, పగుళ్లు వెడల్పు చేసి నింపాక 15 వేలు. రెండు కోటింగులు అయ్యాక 18. ఆ పూత పూర్తిగా ఆరాక డాబా మీది నీళ్లు బయటికి పోయే గొట్టాలు మూసి, రెండంగుళాల నీళ్లు 48 గంటలు నిలబెట్టండి. కింద సీలింగ్ మీద చెమ్మ రాకపోతే 15. మిగతా 6 ఒక వానాకాలం గడిచాక. లీకు ఎక్కువగా వచ్చేది పిట్టగోడ, స్లాబు కలిసే మూలలోనే. ఆ మూల పని రేటులోనే ఉందని కాగితం మీద రాయించండి, లేదంటే తర్వాత ఎక్స్‌ట్రా అంటాడు.

జవాబు 2: అంత తక్కువ అడ్వాన్సుకి సామాను తేలేనంటే, డబ్బాలు మీరే కొని కూలీ రేటు విడిగా మాట్లాడుకోండి. సీలు, తయారీ తేదీ చూసుకోవచ్చు. నీళ్లు ఎక్కువ కలిపి పల్చగా పూసే బెడదా తగ్గుతుంది.

జవాబు 3: శనివారం కూలీలకి బట్వాడా ఉంటుంది. దశ పూర్తయిన రోజే డబ్బివ్వండి, ఆలస్యమైతే మనుషుల్ని వేరే సైటుకి పంపేస్తాడు.