గేటు పక్కన ఫైకస్ బెంజమినా: నేలలో నాటాలా, కుండీలోనే ఉంచాలా?

మిద్దెతోట_ఉప్పల్:
కుండీలోని ఫైకస్ బెంజమినా (కొమ్మలు కిందికి వాలే రకం) నా ఎత్తు దాటింది. గేటు పక్కన, ప్రహరీకి రెండడుగుల దూరంలో జాగా ఉంది. పక్కనే సంపు. మావారు నేలలో పెట్టేద్దాం అంటున్నారు. అత్తయ్యగారేమో మర్రి జాతి చెట్టు ఇంటి ముందు వద్దంటున్నారు. మీరేమంటారు?

కడియం_మొక్కలు:
నిక్షేపంలా పెట్టండమ్మా. మా వైపు నర్సరీల నుంచి ఇవి లారీల్లో వెళ్తుంటాయి, ఎన్నో ఇళ్ల ముందు కంచెలాగా పెంచుతున్నారు. ఏడాదికి రెండు మూడుసార్లు కత్తెర వేస్తే గుబురుగా, చెప్పిన మాట వింటుంది.

సైట్_ఇంజనీర్:
కత్తెర కొమ్మలకే కదండీ, వేళ్లకి ఎవరు వేస్తారు? వదిలేస్తే వంద అడుగులకు దగ్గరగా పెరగగల చెట్టు ఇది, బ్యాంకాక్ నగరానికి అధికారిక వృక్షం. గట్టి గోడని వేరు పగలగొడుతుందని నేననను. సన్నటి పగులులోకో పైపు జాయింట్‌లోకో తడి వెతుక్కుంటూ దూరి, అక్కడ లావెక్కుతుంది. మన సంపుల ప్లాస్టరింగ్ సంగతి నన్ను అడక్కండి. రెండడుగుల్లో వద్దే వద్దు.

రావిచెట్టు_నీడ:
అత్తయ్యగారి మాట సెంటిమెంట్ అని కొట్టిపారేయకండి. మర్రి, రావి జాతిని నరకాలంటే మనసొప్పదు, కూలీలు కూడా జంకుతారు. పైగా పెద్దయ్యాక కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి అడగాల్సి రావచ్చు.

కడియం_మొక్కలు:
అలా అని జన్మంతా కుండీలో బిగించేస్తారా? వేళ్లు చుట్టలు చుట్టుకుపోయి, పోసిన నీళ్లు పోసినట్టే కారిపోతాయి. ఆకు పసుపెక్కి రాలుతుంది. అప్పుడు మళ్లీ మమ్మల్నే తిడతారు.

సైట్_ఇంజనీర్:
దానికి మందు రీపాటింగ్. రెండు మూడేళ్లకోసారి తొలకరి పడ్డాక కుండీలోంచి తీసి, చుట్టూ ఉన్న వేళ్లు మూడో వంతుకి మించకుండా కోసి, కొత్త మట్టి వెయ్యాలి. కొమ్మలూ కొంత తగ్గించాలి. చేతికి గ్లవ్స్ వేసుకోండి, దీని పాలు కొందరికి దురద పెడతాయి. ఆ తర్వాత ఆకులు రాలితే టెన్షన్ వద్దు. చోటు మార్చినా, వెలుతురు మారినా రాల్చడం దీని అలవాటు. దాహమేమో అనుకుని రోజూ నీళ్లు పోసేవాళ్ల దగ్గరే వేరు కుళ్లి చస్తుంది. పైమట్టి వేలికి పొడిగా తగిలాకే పొయ్యండి.

మిద్దెతోట_ఉప్పల్:
అయితే పెద్ద సిమెంట్ కుండీ కొని, అదే జాగాలో మట్టి మీద పెట్టేస్తాను. మావారికీ తృప్తి.

రావిచెట్టు_నీడ:
మట్టి మీద నేరుగా వద్దండీ! అడుగు రంధ్రంలోంచి వేరు నేలలోకి దిగిపోతుంది. కింద నాపరాయి పరిచి, దాని మీద ఇటుకలు పేర్చి కుండీ పెట్టండి. అప్పుడప్పుడు కిందికి వంగి చూస్తుండండి.

కడియం_మొక్కలు:
ఈ మాటకి నేనూ ఒప్పుకుంటా. సంపు లేని చోటైతే మాత్రం నాది నేల ఓటే.