మటన్ తిన్న రాత్రి ఒంటినిండా దద్దుర్లు, అంతకుముందు పిడుదు కాటు: ఎవరికైనా ఇలా అయిందా?

సుజాత_కేరీ (నార్త్ కరోలినా)
అందరికీ నమస్కారం. మా ఆయనకి ఇంతవరకు తిండి విషయంలో ఏ ఎలర్జీ లేదు. ఈ వేసవి నుంచి మాత్రం రాత్రి ఎనిమిదింటికి మటన్ తింటే ఒంటిగంట ప్రాంతంలో లేచి కూర్చుంటున్నారు. ముందు అరచేతులు, అరికాళ్ళు దురద. తర్వాత నడుం మీద, తొడల మీద పెద్ద పెద్ద దద్దుర్లు, కడుపులో మెలిపెట్టే నొప్పి. తినగానే ఏమీ కాదు కాబట్టి మటన్ మీద అనుమానమే రాలేదు. అర్జెంట్ కేర్‌కి వెళ్తే సబ్బు మార్చారా అని అడిగి, మాత్రలిచ్చి పంపేశారు. పక్కింటి పెద్దావిడ మాత్రం వినగానే "ఈయన్ని పిడుదు కుట్టిందా?" అంది. నిజమే, జూన్‌లో ట్రెయిల్‌కి వెళ్ళొచ్చాక చీలమండ దగ్గర ఒకటి తీశాం. ఆ చోట వారాల తరబడి దురద తగ్గలేదు. పిడుదుకీ మటన్‌కీ సంబంధం ఏమిటండీ? చాలా టెన్షన్‌గా ఉంది.

రవి_బెంటన్‌విల్ (ఆర్కాన్సా)
సుజాత గారూ, ఇది ఆల్ఫా-గ్యాల్ సిండ్రోమ్ కావచ్చు. నాకూ ఉంది.

ఆల్ఫా-గ్యాల్ అనేది ఒక రకం చక్కెర. మేక, గొర్రె, ఆవు, పంది, జింక ఒంట్లో ఉంటుంది. మనుషుల్లో ఉండదు. కోడిలో, చేపలో కూడా ఉండదు. పిడుదు కుట్టినప్పుడు దాని లాలాజలంతో పాటు ఇది మనలోకి వస్తుంది. కొందరి ఒళ్ళు దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుని ఐజీఈ అనే, ఎలర్జీ తెప్పించే యాంటీబాడీలు తయారు చేస్తుంది. ఆ తర్వాత మటన్ తింటే ఆ యాంటీబాడీలు తిరగబడతాయి. వేరుశెనగ ఎలర్జీ అయితే నిమిషాల్లో తెలిసిపోతుంది, ఇది సాధారణంగా రెండు నుంచి ఆరు గంటల తర్వాత బయటపడుతుంది. కొవ్వుతో కలిసి మెల్లగా రక్తంలోకి చేరడం వల్లే ఈ ఆలస్యం అని డాక్టర్ల అంచనా. నా అనుభవం కూడా అలాగే ఉంది. కొవ్వు తీసేసిన ఖీమా కొంచెం తిన్న రోజు ఏమీ కాలేదు, కొవ్వు ముక్కలున్న బిర్యానీ తిన్న రాత్రి అంబులెన్స్ పిలవాల్సి వచ్చింది.

ఎలర్జీ డాక్టర్ దగ్గరికెళ్ళి "ఆల్ఫా-గ్యాల్ ఐజీఈ" రక్తపరీక్ష కావాలని పేరు పెట్టి అడగండి. 2023లో సీడీసీ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) ప్రకటించిన సర్వేలో 42 శాతం వైద్య సిబ్బంది ఈ జబ్బు పేరే వినలేదన్నారు. అదే ఏడాది వాళ్ళ అంచనా ప్రకారం 2010 నుంచి అమెరికాలో 4,50,000 మంది దాకా దీని బారిన పడి ఉండొచ్చు. అందుకే మనమే పట్టుబట్టి అడగాలి.

మహి_నర్స్ (సెయింట్ లూయిస్)
సుజాతా, రిపోర్టు వచ్చేదాకా మటన్ ఇంట్లోకే తేవద్దమ్మా. దద్దుర్లతో పాటు వాంతులు, ఊపిరాడకపోవడం, కళ్ళు తిరగడం లాంటివి కలిస్తే అది అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికి తెచ్చే ఎలర్జీ. దానికి బెనడ్రిల్ లాంటి ఎలర్జీ మాత్ర సరిపోదు. పెన్నులా ఉండే ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ వెంటనే పొడిచి 911కి (ఇక్కడి ఎమర్జెన్సీ నంబర్) ఫోన్ చేయాలి. ఆ పెన్ను రాసివ్వమని డాక్టర్‌ని అడుగు.

2024లో న్యూజెర్సీలో 47 ఏళ్ళ ఆరోగ్యవంతుడొకాయన బార్బెక్యూలో హాంబర్గర్ తిన్నాడు, సుమారు నాలుగు గంటల తర్వాత చనిపోయాడు. దానికి కొన్ని వారాల ముందు స్టేక్ తిన్న రాత్రి విపరీతమైన కడుపునొప్పి వచ్చి తగ్గింది. కారణం ఇదేనని తర్వాత వర్జీనియా యూనివర్సిటీ వాళ్ళు తేల్చి 2025లో ప్రచురించారు. ఒంటి మీద ఒక్క దద్దురు లేకుండా కడుపునొప్పి, విరేచనాలతోనే కనిపించే కేసులూ ఉంటాయి. "ఫుడ్ పాయిజన్ అయుంటుందిలే" అని వదిలేయకండి.

ఇంకోటి. ఆపరేషన్ ఏదైనా ఉంటే ముందే చెప్పాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ పంది పేగుల నుంచి తీస్తారు. కొన్ని గుండె వాల్వులు పందివో ఆవువో. క్యాప్సూల్ మాత్రల పై తొడుగుల్లో, కొన్ని టీకాల్లో పశువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. అందరికీ ఇవన్నీ పడవని కాదు, కానీ ఎలర్జీల లిస్టులో ఇది రాసి ఉండాలి.

దీప్తి_యాష్‌బర్న్ (వర్జీనియా)
మేం శాకాహారులం, మాకేం భయం అనుకునేదాన్ని. మా అత్తగారికి పెరటి తోటలో పిడుదులు కుట్టాయి. తర్వాత ఐస్‌క్రీమ్, పాలకోవా తిన్న రాత్రుల్లో దురద మొదలైంది. పరీక్షలో ఇదే తేలింది. చాలామందికి పాలు పడతాయట, కొందరికే పడవు, అలాంటివాళ్ళకి కొవ్వు ఎక్కువున్నవి ఇంకా పడవు అని డాక్టర్ చెప్పారు. ఆవిడకి పల్చటి మజ్జిగ బాగానే ఉంది, మీగడ పెరుగు పడదు. పూజ రోజు నెయ్యి లేకుండా ప్రసాదం చేయడానికి ఆవిడ మనసు ఎంత కష్టపెట్టుకున్నారో నాకు తెలుసు. విటమిన్ డి గోళీల కవరు కూడా జెలటినేనని సీసా వెనక చదివితే తెలిసింది.

వెంకట్_వరంగల్ (డాలస్)
కొంచెం ఎక్కువ భయపెడుతున్నారేమో. మా ఊళ్ళో బర్రెల మధ్యే పెరిగినం, గోమార్లు (పిడుదులే) కుట్టినయి, పీకి పారేసినం. ఇప్పటికీ మటన్ లేనిదే పండుగ లేదు.

రవి_బెంటన్‌విల్
వెంకటన్నా, కుట్టిన ప్రతివాళ్ళకీ రాదు. పరీక్షలో పాజిటివ్ వచ్చి కూడా హాయిగా తినేవాళ్ళున్నారు, అందుకే లక్షణాలు, పరీక్ష రెండూ చూసే నిర్ధారిస్తారు. పిడుదుల్లో రకాలున్నాయి కదా. ఇక్కడ ఎక్కువగా కారణమయ్యేది లోన్ స్టార్ పిడుదు, ఆడదాని వీపు మీద తెల్లటి చుక్క ఉంటుంది. మీ టెక్సస్‌లోనూ ఉంది. ఆస్ట్రేలియాలో వేరే జాతి పిడుదుతో ఇదే జబ్బు వస్తోంది.

ఇది బయటపడిన తీరు కూడా వినాలి. సెటుక్సిమాబ్ అనే కేన్సర్ మందు ఇస్తే టెన్నెసీ, నార్త్ కరోలినా వైపు పేషెంట్లకే తీవ్రమైన రియాక్షన్లు ఎక్కువగా వచ్చేవి. ఎలుక కణాల్లో తయారయ్యే ఆ మందులో ఆల్ఫా-గ్యాల్ ఉందని, దానికి ఐజీఈ వాళ్ళ రక్తంలో ముందే ఉందని 2008లో వర్జీనియా యూనివర్సిటీ ఎలర్జీ డాక్టర్ థామస్ ప్లాట్స్-మిల్స్ బృందం చూపించింది. కొండల్లో నడిచినప్పుడు ఆయన్నీ పిడుదులు కుట్టాయి, తర్వాత గొర్రె మాంసం తిన్న కొన్ని గంటలకి ఆయనకే దద్దుర్లొచ్చాయి.

వెంకట్_వరంగల్
తెల్లచుక్క దాన్ని మా పెరట్లో చూసిన. కుక్క మెడ కింద ఉండె. సరే తమ్మీ, జాగ్రత్త పడతా. తీసే పద్ధతి చెప్పు.

మహి_నర్స్
సన్నమొన ట్వీజర్స్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిటారుగా పైకి లాగండి. కిరసనాయిలు, అగరుబత్తి వేడి, వేజిలిన్ వద్దు. పిల్ల పిడుదులు గసగసాలంత ఉంటాయి, గుంపుగా ఎక్కుతాయి, చాలామంది వాటిని ఏదో పురుగు కాట్లనుకుంటారు. ట్రెయిల్ బట్టలకి, బూట్లకి 0.5 శాతం పెర్మెత్రిన్ స్ప్రే కొట్టి ఆరబెట్టండి (బట్టలకే, ఒంటికి కాదు). ఇంటికి రాగానే స్నానం, మోకాళ్ళ వెనక, చంకలు, నడుం పట్టీ దగ్గర వెతకడం. బట్టలు డ్రయ్యర్‌లో ఎక్కువ వేడి మీద తిప్పండి.

సుజాత_కేరీ
పరీక్ష పాజిటివ్ వచ్చింది. రక్తపరీక్షలో ఐజీఈ అంకె పెద్దదైతే రియాక్షన్ కూడా పెద్దదే అవుతుందని కాదట. ఎపినెఫ్రిన్ పెన్ను రాసిచ్చారు. ఇక చికెన్, చేపలే. ఫంక్షన్లకి వెళ్తే ఏం చేయాలి?

రవి_బెంటన్‌విల్
చికెన్ బిర్యానీ అయినా సరే, మటన్ గరిటె అందులో పెట్టారా, మసాలాలో మటన్ గ్రేవీ కలిపారా అని వండినవాళ్ళనే అడగండి. చికెన్ సాసేజ్ పై తొడుగు పంది పేగుదై ఉండొచ్చు, అది కూడా చూడండి. పిడుదు మళ్ళీ కుట్టకపోతే కొందరికి ఏళ్ళు గడిచేకొద్దీ ఐజీఈ తగ్గుతుంది. నాకు తగ్గుతోంది. మళ్ళీ కుడితే మాత్రం పెరగొచ్చు. తగ్గాక కూడా డాక్టర్ పర్యవేక్షణలోనే తిని చూడాలి, ఇంట్లో సొంతంగా ప్రయత్నించకండి.